దసరాకు ముందు గడ్డి లెక్క

పంచాంగంలో శరదృతువు అంటే ఆశ్వయుజం, కార్తీకం. కవులకు అది వెన్నెల కాలం, మన ఆడవాళ్లకు బతుకమ్మ కాలం. పశువులున్న ఇంట్లో మాత్రం అది లెక్కల కాలం. వామిలో గడ్డి ఎంత ఉంది, కొట్టంలో నోళ్లు ఎన్ని ఉన్నాయి, మళ్లీ వానలు పడి పచ్చిక మొలిచేదాకా ఎన్ని రోజులు గడవాలి? ఈ మూడు లెక్కలూ దసరా లోపల తేలాలి. కుదరకపోతే ఏ పశువును అంగడికి కొట్టాలో తేలాలి. ఈ ఏడు మా ఇంట్లో అదే నడుస్తోంది. ఉన్న ఒక్క జత ఎడ్లను అమ్మేద్దామని మా మరిది, వద్దని అత్తమ్మ. ఇద్దరి మాటలూ వింటుంటే ఇది మా ఒక్క ఇంటి గొడవ కాదని, మా రెండు జిల్లాల చరిత్రలో చాలా భాగం ఈ గడ్డి చుట్టూనే తిరిగిందని అనిపించింది. అదే ఇవాళ రాస్తున్నాను.

మా పుట్టిల్లు ఆదిలాబాద్ వైపు, నల్లరేగడి ఊరు. అత్తగారిల్లు జగిత్యాల వైపు, కాలువ నీళ్లు పారే ఊరు. మధ్యలో గోదావరి. 2016లో సరిగ్గా దసరా రోజున ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది, కరీంనగర్ నుంచి జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల విడిపోయాయి. కాగితం మీద ఎన్ని ముక్కలైనా, పశువుల విషయంలో నదికి అటూ ఇటూ ఏడాది నడక దాదాపు ఒక్కటే. జ్యేష్ఠ పౌర్ణమికి ఏరువాక, శ్రావణ అమావాస్యకు పొలాల పండుగ, భాద్రపద అమావాస్యకు ఎంగిలిపూల బతుకమ్మ, ఆ తర్వాత దసరా, దీపావళి.

ఇందులో పొలాల అమావాస్య గురించి కొంచెం చెప్పాలి. కోస్తా వాళ్లకు ఆ రోజు ఆడవాళ్ల వ్రతం. కందమొక్కను పెట్టి, పిల్లలు చల్లగా ఉండాలని పూజ చేసుకుంటారు. వాళ్ల పశువుల పండుగ జనవరిలో, కనుమ నాడు. మాకేమో శ్రావణ అమావాస్యే ఎడ్ల పండుగ. పెన్‌గంగ అవతల విదర్భలో ఇదే రోజు పోలా. ముందురోజు సాయంత్రం ఎద్దు మెడ మీద కాడి ఆనే చోట వేడినీళ్లతో కాపి, పసుపు, నెయ్యి కలిపి మర్దన చేస్తారు. మరాఠీ వాళ్లు దీనికి ఖాందమళణీ అని పేరే పెట్టుకున్నారు. మర్నాడు వాగులో కడిగి, కొమ్ములకు రంగు వేసి, కొత్త పగ్గాలు, గజ్జెలు కట్టి, ఊరి హనుమాన్ గుడి చుట్టూ తిప్పుతారు. ఇంటికి వచ్చాక కాళ్లు కడిగి, హారతి ఇచ్చి, ముందుగా ఎద్దుకు పెట్టి తర్వాత మనుషులు తింటారు. ఆ రోజు కాడి ఎత్తరు.

ఈ పండుగ సరిగ్గా అప్పుడే ఎందుకు వస్తుంది? చేను చూస్తే తెలుస్తుంది. ఏరువాక నుంచి శ్రావణ అమావాస్యకు రెండున్నర నెలలు. దుక్కి, విత్తనం, గుంటుక అన్నీ ఆ రెండున్నర నెలల్లోనే, ఎద్దు మెడ మీదే. అప్పటికి మెట్ట పైరు ఎదిగి సాళ్లు మూసుకుంటాయి, ఇక గుంటుక పోదు. మళ్లీ ఎద్దుతో పెద్ద పని పడేది శరత్తులో: పునాస పంట బండ్లు, మాగి జొన్నకు దుక్కి, ఆ తర్వాత కల్లం. మధ్యలో దొరికేది నెల, నెలన్నర పచ్చిక కాలం. కాడి పుండ్లు మానాలన్నా, బక్కచిక్కిన ఎద్దు ఒళ్లు చేయాలన్నా అదొక్కటే సమయం. ఆ మర్దన దేవుడి కోసం ఎంతో, పుండు మానడం కోసం కూడా అంతే. శరత్తుకు పశువును సిద్ధం చేసే పనిలో మొదటి మెట్టును పెద్దలు పండుగగా పెట్టుకున్నారు. పండుగైతే ఎవరూ ఎగ్గొట్టరు కదా!

ఆ తర్వాత పని ఆడవాళ్ల చేతికి వస్తుంది. వానలు తగ్గాక కొట్టం నేల గుంతలు పడి, మూత్రం నిలిచి, గిట్టలు మెత్తబడతాయి. మొరం పోసి దిమ్మిస కొట్టాలి. గోడలకు ఎర్రమట్టి అలకాలి. కుడితి గోలెం కడిగి, నాచు గీకి, సున్నం వేయాలి. వానకు కారిన చోట కొత్త తాటికమ్మ పరవాలి. సాయంత్రం వేపాకు పొగ పెట్టాలి, లేకపోతే జోరీగలకు, దోమలకు పశువు రాత్రంతా నిలబడే ఉంటుంది. చలి ముదిరేలోపు గాలి కొట్టే వైపు తడక కట్టాలి. ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందే, రాష్ట్రంలో అందరికంటే ముందు వణికేది అక్కడివాళ్లే. మా అత్తమ్మ ఈ పనులన్నీ ఎంగిలిపూల నాటికి ముగించాలంటుంది, బతుకమ్మ మొదలయ్యాక ఎవరి చేతులూ దొరకవని.

బతుకమ్మ కూడా ఈ పనికి దూరమేమీ కాదు. మనం ఇంత ముచ్చటగా పేర్చే గునుగు, జొన్న చేలలో, మక్క చేలలో పెద్ద కలుపు. విత్తనం రాలితే వచ్చే ఏడు చేను నిండా అదే. పూత మీద ఉన్నప్పుడు తెంపుకొచ్చి తాంబాళంలో పేరిస్తే చేనుకూ మేలే, గౌరమ్మకూ పూజే. తంగేడు, గునుగు తేవడానికి గట్ల వెంట తిరిగిన ఆడపిల్లలకు ఏ గట్టున ఎంత గడ్డి ఉందో మగవాళ్లకంటే బాగా తెలిసేది.

ఇక అసలు లెక్క. ఒక మోస్తరు ఎద్దు రోజుకు ఏడెనిమిది కిలోల ఎండుమేత తింటుంది. దీపావళి నుంచి మృగశిర కార్తె దాకా ఏడున్నర నెలలు పట్టుకుంటే, జతకు మూడున్నర టన్నుల దగ్గరకు వస్తుంది. ఎకరం వరి చేతితో కోస్తే సుమారు రెండు టన్నుల గడ్డి. అంటే ఒక్క జతకే రెండెకరాల గడ్డి కావాలి. ఒక పాడి బర్రె, రెండు దూడలు ఉంటే ఇంకా ఎక్కువ. పాత రోజుల్లో రైతు ఎంత పెద్దవాడో వామిని చూసి చెప్పేవారట, అందుకే. వాము వేయడం కూడా పెద్ద విద్య. కింద రాళ్లు, కట్టెలు పేర్చి నేల తడి తగలకుండా ఎత్తు చేయాలి. వంటింటి పొయ్యికి దూరంగా ఉండాలి. పైన వాన జారేట్టు ఇంటి కప్పులా వాలు తీయాలి. పచ్చి తడి మీద వాము వేస్తే లోపల ఉడికి బూజు పడుతుంది. "గింజలు కొనుక్కచ్చుకోవచ్చు బిడ్డా, గడ్డి ఏడ దొర్కుతది?" అని అత్తమ్మ ఎప్పుడూ అనే మాట. ఈ రోజుల్లో అది కూడా దొరుకుతుంది, కాని ఆ సంగతి తర్వాత.

మా పుట్టింటి వైపు ఈ లెక్కంతా జొన్న సొప్ప మీద నడిచేది. అక్కడి పచ్చజొన్న మనిషిని మించి ఎదుగుతుంది. గింజ మనుషులకు రొట్టె, గట్క. సొప్ప ఎడ్లకు. రైతు విత్తనం ఎంచుకునేటప్పుడు గింజతో పాటు సొప్ప తీపిని కూడా చూసేవాడు. 1964లో దేశంలో మొదటి హైబ్రిడ్ జొన్న వచ్చింది. గింజ ఎక్కువ, మొక్క పొట్టి. గింజ లెక్కేసిన వాళ్లకు అది లాభం. కొట్టం నుంచి చూసిన వాళ్లకు మాత్రం సొప్ప తగ్గిన పంట. జొన్నతో ఒక ప్రమాదం కూడా ఉంది. కోసిన మోళ్ల నుంచి వచ్చే లేత పిలకల్లో విషం ఉంటుంది, దాన్నే నాము అంటారు. శరత్తులో వాన వెనకబట్టి మొక్క వాడినప్పుడు ఇంకా ఎక్కువ. ఆకలి మీద ఉన్న పశువు ఆ పిలకలు మేస్తే గంటల్లో ప్రాణం పోవచ్చు. అందుకే కోసిన జొన్న చేను దగ్గర పసులకాపరికి ప్రత్యేకంగా హెచ్చరిక ఉండేది.

వాము ఎంత పెద్దదైనా అది సగమే. మిగతా సగం అడవి, బంచరాయి, చెరువు శిఖం. ఇక్కడే మా జిల్లా చరిత్ర బరువెక్కుతుంది. ఆదిలాబాద్ గోండులు నాగలి సేద్యగాళ్లు. ఎడ్లు లేకపోతే వాళ్లకు సేద్యమే లేదు, అడవి గడ్డి లేకపోతే ఎడ్లు లేవు. నిజాం కాలంలో అడవికి గీతలు గీసి రిజర్వు ఫారెస్టు అన్నారు. ఆ గీతల లోపల పడ్డ ఊళ్లను ఖాళీ చేయించారు. పశువులు మేపితే పన్ను, వంటచెరకు తెచ్చుకుంటే పన్ను. కట్టలేకపోతే పశువుల్నే తోలుకుపోయేవారు. కుమ్రం భీం జల్, జంగల్, జమీన్ అన్నప్పుడు అందులోని జంగల్ అంటే చెట్టు ఒక్కటే కాదు, ఎద్దు నోటికి అందే గడ్డి కూడా. 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల కాల్పుల్లో భీం, ఆయన వెంట ఉన్నవాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆయన వర్ధంతిని ఇప్పటికీ ఇంగ్లీషు తేదీతో కాక ఆశ్వయుజ పౌర్ణమికి జరుపుతారు. దసరా అయిన అయిదో రోజు. మనం కోజాగిరి వెన్నెల అనుకునే రాత్రే.

ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం ఆదివాసుల బాధ ఏమిటో తెలుసుకోమని క్రిస్టాఫ్ వాన్ హైమెండార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల మధ్య ఉన్నారు. భూమి పట్టాలు ఇవ్వాలని, బడులు పెట్టాలని ఆయన చెప్పిన మాటలు కొన్ని అమలయ్యాయి. 1987లో పోయిన బెట్టీ సమాధి ఆ మార్లవాయిలోనే ఉంది. గోండు ఊళ్లలో దీపావళి ముందు రోజుల్లో దండారీ ఆడుతూ, నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు ఊరి నుంచి ఊరికి పోతారు. మార్లవాయికే చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. మనకు టీవీలో కనిపించేది ఆట. పైర్లు గింజకు వచ్చి, కోతల ఒత్తిడి ఇంకా పడని ఆ కొద్ది రోజుల తీరికలోనే ఆ ఆట పుట్టిందని చేను పని తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

గడ్డి ఉన్నా పశువు నిలుస్తుందన్న నమ్మకం పాతకాలంలో లేదు. రోగం అలాంటిది. రిండర్‌పెస్ట్ అని ఒకటుండేది, మన పశువైద్య పుస్తకాల్లో ముసర వ్యాధి అంటారు. అది ఊళ్లోకి వస్తే కొట్టాలకు కొట్టాలే ఖాళీ. ఎడ్లు పోతే ఆ ఏడు సేద్యం లేదు, సేద్యం లేకపోతే అప్పు, అప్పు తీరకపోతే భూమి పోవడం. బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్ 1871లోనే దీని మీద నివేదిక ఇచ్చింది. 1927లో ముక్తేశ్వర్ ప్రయోగశాలలో ఎడ్వర్డ్స్ మేకల నుంచి టీకా తయారు చేశాడు. 1954లో దేశమంతా టీకాలు వేసే పథకం మొదలైంది. మన దేశంలో చివరి కేసు 1995లో, ప్రపంచమంతటా ఈ రోగం లేదని ప్రకటించింది 2011లో. మనుషుల్లో మశూచి తర్వాత భూమి మీద నుంచి పూర్తిగా పోయిన రెండో రోగం ఇదే. దీనికి మనం ఒక పండుగ కూడా చేసుకోలేదు.

మిగతావి పోలేదు. గొంతువాపు, జబ్బవాపు టీకాలు వానలకు ముందే పడాలి. గాలికుంటుకు ఏడాదికి రెండుసార్లు. 2022లో ముద్దచర్మ వ్యాధి దేశమంతా పాకినప్పుడు పల్లెల్లో ఎంత భయపడ్డారో మీకు గుర్తుండే ఉంటుంది. శరత్తుకు ప్రత్యేకమైన బెడద ఇంకోటి ఉంది. చెరువు నీళ్లు వెనక్కి తగ్గేకొద్దీ అంచున లేత పచ్చిక వస్తుంది, దాని మీద నత్తలు ఉంటాయి. ఆ నత్తల నుంచే కార్జపు జలగలు పశువుల కడుపులోకి చేరతాయి. గొర్రెకు దవడ కింద నీరు దిగితే అదే గుర్తు. అందుకే గొల్లకురుమలు పొద్దున మంచు ఆరేదాకా మందను చెరువు అంచుకు దిగనివ్వరు. కోతలయ్యాక అదే మందను చేలలో రాత్రుళ్లు పండబెడితే పొలానికి ఎరువు, వాళ్లకు గింజలు. ఇద్దరికీ లాభమైన బేరం అది, ఇప్పటికీ అక్కడక్కడా నడుస్తోంది.

ఇదంతా చదివి పాత రోజులే బంగారం అనుకునేరు. ఆ కొట్టాలు ఎవరు ఊడ్చారో కూడా చెప్పాలి. పెద్ద రైతుల ఇళ్లలో పశువుల్ని కాసింది జీతగాళ్లు. ఏడాదికి ఇన్ని గింజలని మాట్లాడుకుని, తండ్రి చేసిన అప్పుకు కొడుకు జీతం ఉండటం మామూలు. బడికి పోవాల్సిన పిల్లలు పసులవెంట పోయారు. పొలాల పండుగకు ఎద్దు మెడకు నెయ్యి రాసేవారు, జీతగాడి పాదాల పగుళ్లకు ఎవరు రాశారు? వెట్టిచాకిరి నిషేధ చట్టం 1976లో వచ్చింది. వెట్టికి, దొరతనానికి వ్యతిరేకంగా జగిత్యాల జైత్రయాత్ర జరిగింది 1978 సెప్టెంబర్ 7న. ఆ అక్టోబర్‌లోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలన్నారు. జీతగాళ్లు వెళ్లిపోయాక వందల పశువుల మందలు నిలవలేదు. అది మంచికే. పశువుల సంఖ్య తగ్గిందని బాధపడేవాళ్లు ఈ సంగతి కూడా పక్కన పెట్టుకుని బాధపడాలి.

తర్వాతి మార్పు నీళ్లతో వచ్చింది. 1963లో పోచంపాడు దగ్గర నెహ్రూ పునాదిరాయి వేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు నుంచి కాకతీయ కాలువ మా అత్తగారి వైపు నీళ్లు తెచ్చింది. జొన్న, పెసర ఉన్న చోట రెండు పంటల వరి వచ్చింది. వరి గడ్డి సొప్పంత బలం కాదు కాని కావలసినంత. కొన్నాళ్లు వాములు ఆకాశాన్ని తాకాయి. ఆపైన ట్రాక్టరు, దాని వెనక కోత మిషను. మిషను కోస్తే గడ్డి నలిగి, సగం మోళ్లుగా చేన్లోనే ఉండిపోతుంది. యాసంగి నాటుకు తొందర, దానికి అగ్గి పెట్టేస్తారు. ఒక ఊళ్లో గడ్డి కాలుతుంటే పక్క ఊళ్లో పాడి రైతు బేలర్ చుట్టిన కట్టలు కొనుక్కుంటున్నాడు. అత్తమ్మ దొరకదన్న గడ్డి అలా అంగడి సరుకైంది. అవతలి ఒడ్డున మా పుట్టింటి వైపు జొన్న చేలను పత్తి తినేసింది, 2002లో బీటీ విత్తనాలు వచ్చాక మరీ. పత్తి కట్టె పొయ్యికి తప్ప ఎద్దు నోటికి పనికిరాదు. 2012లో కవ్వాల్ పులుల అభయారణ్యం అయ్యాక అక్కడి అడవిలో మేపుకు కట్టుబాట్లు పెరిగాయి. బంచరాయి భూములు ఎప్పుడో ఎవరివో అయ్యాయి.

ఇప్పుడు మా ఇంటి లెక్కకు వస్తాను. కాలువ కింద మూడెకరాల వరి, బోరు కింద రెండెకరాల చెలక. అందులో ఎకరం పసుపు. మరిది మాట న్యాయంగానే ఉంది. దుక్కి ట్రాక్టరు దున్నుతుంది, వరి మిషను కోస్తుంది, గడ్డి కొనాలి. దసరా దాటితే అందరూ అంగడికి తోలతారు, ధర పడిపోతుంది. అమ్మితే ఇప్పుడే అమ్మాలి. అత్తమ్మ మాటా తీసేయలేం. సాళ్ల మధ్య గుంటుకకు ట్రాక్టరు పోదు, ఎద్దే పోవాలి. పసుపుకు పెండ ఎరువు కావాలి, కొంటే బండికి ఎంతో అందరికీ తెలుసు. గడ్డి ఖర్చు రాసినప్పుడు ఎరువు జమ కూడా రాయాలి కదా అని నేను కాగితం మీద రెండూ రాసి చూశాను. ఇంచుమించు సరిసమానం. తేల్చేది డబ్బు కాదు, పని.

ఆ సంగతి మా తోటికోడలు చెప్పింది. అంతసేపూ ఎవరూ ఆమెను అడగలేదు. "ఎడ్లు ఉంటే ఉండనియ్యి అత్తమ్మా. కని రోజు పెండ తీసుడు నా ఒక్కదాంతోని కాదు" అంది. నేను కరీంనగర్‌లో ఉంటూ పండుగలకు పోయేదాన్ని, నాకు ఎడ్లు ముచ్చటే. తెల్లవారి నాలుగున్నరకు చీపురు పట్టేది ఆమె. జీతగాళ్లు వెళ్లిపోయాక వాళ్ల పని ఎక్కడికి పోయిందంటే, మాలాంటి చిన్న రైతుల ఇళ్లలో కోడళ్ల చేతికి వచ్చింది. అది ఏ చరిత్రలోనూ రాయలేదు.

చివరికి కుదిరింది ఇది. ఎడ్లు వచ్చే ఉగాది దాకా ఉంటాయి. మిగిలిన ఎకరం చెలకలో మక్క బదులు మాగి జొన్న వేయాలి, గింజ ఇంటికి, సొప్ప ఎడ్లకు. వరిలో ఒక ఎకరమైనా కూలీలతో కోయించి గడ్డి వాము వేయాలి. పొద్దున కొట్టం పని మరిదిది, సాయంత్రం తోటికోడలిది. పిట్టల కాపలాకు సెలవుల్లో మా పిల్లలు వెళ్తారట, చూడాలి. ఈసారి బతుకమ్మకు ఊరికి పోయినప్పుడు పొద్దున కొట్టంలో చీపురు ఎవరి చేతిలో ఉందో ముందు చూస్తాను. ఉగాది లెక్క దాన్ని బట్టే ఉంటుంది.